మంచుకొండ ముందు హాల్ట్

ముందుగా క్షమించమని అడగాలి. యాభై తొమ్మిదో ఏట పలక పట్టినదాన్ని. దీర్ఘం ఉండాల్సిన చోట వత్తు, వత్తు ఉండాల్సిన చోట ఏమీ లేకపోవడం నా రాతలో మామూలు. సంపాదకులు దయతో సరిచేస్తే సరే, లేదంటే మీరే సర్దుకుని చదువుకోండి. ఈ కాగితాలు రాయడానికి నాకు ఇరవై రెండు రోజులు పట్టింది. మీరు పావుగంటలో చదివేసి పక్కన పడేస్తారు. ఇందులో న్యాయం లేదు, కానీ ఎవరికి చెప్పుకోను!

ఇంత కష్టపడి నేను చెప్పదలచుకున్నది ఒక్కటే మాట. ఆడవాళ్లకు చదువు వద్దు!

కోపం తెచ్చుకోకండి. మా పేటలో ప్రతి గోడ మీదా "చదువుకోండి" అని నీలం రంగుతో రాసి ఉంది. చదువు రానివాళ్ల కోసం రాసిన ఆ మాటను చదువు రానివాళ్లు ఎలా చదువుతారని ఎవరూ అడగలేదు. నేను అడుగుతున్నాను. ఇంకో ప్రశ్న కూడా అడుగుతున్నాను. చదువు రాని రోజుల్లో నేను మంచుకొండను చూశాను. చదువు వచ్చాక ఆ కొండ కాస్తా నా చేతిలోంచి పోయింది. మరి ఏది మేలు? మీరే చెప్పండి.

మా ఆయన పేరు మునిరామయ్య. లారీ డ్రైవరు. ముప్పై ఏళ్లు ఊళ్లో వాళ్ల బండ్లు తోలి, చివరికి ఒక పాత బండి సొంతానికి కొన్నాడు. చిత్తూరులో మేమున్న వీధిలో ఆయనంత ధైర్యవంతుడు లేడని అందరూ అనేవారు. అందరికంటే ముందు ఆయనే అనేవాడు. మొగిలి ఘాటును ఒంటిచేత్తో, రెండో చేత్తో వక్కాకు నలుపుకుంటూ దిగినవాడు. ఆయన మాట వింటే మన జిల్లా కొండలన్నీ ఆయన బండి హారన్ వినగానే పక్కకు తప్పుకుంటాయేమో అనిపించేది.

ఆయనకు ఒక అలవాటు ఉంది. ట్రిప్ షీట్. బండి యజమానులు డ్రైవర్ల చేతికిచ్చే కాగితం అది. బండి ఎక్కడ ఆగినా తేదీ, స్థలం, మీటరు, ఆగిన కారణం అందులో రాయాలి. మిగతా డ్రైవర్లు నిద్రపోయి "ఇంజన్ వేడి" అని రాసేవారు. మా ఆయన నిద్రపోతే "నిద్ర" అనే రాసేవాడు. ఒకసారి కర్నూలు దగ్గర "కారణం: దోసె బాగుంది, ఇంకో రెండు తిన్నాను" అని రాసి యజమాని చేత చీవాట్లు తిన్నాడు. నోటితో ఎన్ని కోతలైనా కోసేవాడు గానీ ట్రిప్ షీట్లో అబద్ధం రాయడానికి ఆయన చెయ్యి సాగేది కాదు. సొంత బండి అయ్యాక ఎవరికీ చూపించాల్సిన పని లేకపోయినా, ఆ కాగితం రాసుకోవడం మానలేదు.

ఇక మంచుకొండ సంగతి. మండీ వాళ్లు ఇచ్చిన క్యాలెండరు మా వంటింట్లో వేలాడేది. అందులో తెల్లటి కొండ, దాని ఒంటి మీద తెల్లగా గడ్డకట్టి జారుతున్న ఏరు. అది బదరీ కొండ అని మా ఆయన చెప్పాడు. ఏడాది అయిపోయినా ఆ క్యాలెండరు తీయనివ్వలేదు నేను. పప్పు కడుగుతూ, సంగటి కెలుకుతూ దాన్నే చూసేదాన్ని. కొండ అంటే మనకు రాయి, ఎండ, సీతాఫలం చెట్టు. ఇంత తెలుపు ఎక్కడిది? అది నిజమేనా అని ఒకనాడు ఆయన్ని అడిగాను.

"నిజమో కాదో నువ్వే సూద్దువు పద మే," అన్నాడు.

ఎమర్జెన్సీ పోయిన ఎండాకాలం అది. బెంగళూరా మామిడికాయలు ఢిల్లీకి లోడు దొరికింది. క్లీనరు చిన్నబ్బకు కామెర్లు వచ్చి మంచం పట్టాడు. ఇంకో క్లీనర్ని వెతకడం ఎందుకు, నేనున్నాను కదా అన్నాను. చీర కుచ్చిళ్లు ఎగదోపి క్యాబిన్‌లోకి ఎక్కి కూర్చున్నాను. అప్పుడు నాకు యాభై రెండేళ్లు. టైర్లను సుత్తితో తట్టి చూడటం, బండి వెనక్కి తీసేటప్పుడు దిగి వెనక నిలబడి "రానీ, రానీ, రానీ" అనడం మూడు రోజుల్లో నేర్చుకున్నాను. నా గాజుల చప్పుడు అద్దంలోంచి వినపడుతుందని ఆయన మెచ్చుకున్నాడు కూడా.

ఇప్పుడు చదువు రాకపోవడంలో ఉన్న సుఖాలు ఒక్కొక్కటే చెబుతాను.

మొదటిది, దూరం తెలియదు. మైలురాళ్లు చదివేవాళ్లను చూడండి, మొహం వేలాడేసుకుని ఇంకా ఎనిమిది వందలు, ఇంకా ఏడు వందల తొంభై అంటూ ఉంటారు. నాకా బాధ లేదు. ఇంకా ఎంత దూరమని కడపలో అడిగితే ఇంకొంచెం అన్నాడు. నాగపూరులో అడిగితే ఇంకొంచెం అన్నాడు. ఢిల్లీలో మామిడికాయలు దించేశాక అడిగినా ఇంకొంచెమే. ఇంకొంచెం, ఇంకొంచెం అనుకుంటూ దేశం మొత్తం దాటేశాను. అలుపే తెలియలేదు!

రెండోది, బోర్డులన్నీ మనకు కావలసినట్టే ఉంటాయి. మా ఆయన దారి పొడవునా బోర్డులు పైకి చదివి వినిపించేవాడు. ఆయనకు తెలుగు వచ్చు, ఇంగ్లీషు అక్షరాలు గుర్తుపడతాడు. హిందీ ఒక్క ముక్క రాదు. అయితేనేం, ఏ బోర్డూ ఆయన్ని ఆపలేదు. ఝాన్సీ అవతల ఒక ఊళ్లో షామియానా వేసి గుడ్డ మీద ఏదో రాసి ఉంటే "భోజన హోటల్" అని చదివాడు. వెళ్లి పంక్తిలో కూర్చున్నాం. పూరీలు, బంగాళాదుంప కూర, రెండు రకాల మిఠాయిలు వడ్డించారు. ఈయన సాంబారు అడిగాడు. వాళ్లు నవ్వి ఇంకో మిఠాయి వేశారు. చేతులు కడుక్కున్నాక ఒక పెద్దాయన మమ్మల్ని లోపలికి తీసుకెళ్లి పెళ్లిపీటల మీద ఉన్న పిల్లల నెత్తిన అక్షింతలు వేయించాడు. బండెక్కాక "ఈ పక్క హోటళ్లలో మర్యాద ఎక్కువ" అన్నాడు మా ఆయన. నేను తలూపాను. అక్షరాలు వచ్చి ఉంటే ఆ పూరీలు దక్కేవా?

మూడోది, దుర్వార్తలు ఉండవు. తిరుపతిలో ఉన్న మా చెల్లెలు జ్ఞానాంబ నాకు నాలుగేసి పేజీల ఉత్తరాలు రాసేది. మా ఆయన చదివేవాడు. "అందరూ క్షేమం." అంతే. నాలుగు పేజీల క్షేమం! మా చెల్లెలు అంత కుదురుగా బతుకుతోందని ఇరవై ఏళ్లు నిశ్చింతగా ఉన్నాను.

రిషీకేశం దాటాక కొండలు మొదలయ్యాయి. బండి అక్కడ పెట్టి బస్సులో పోదామని నేనే అన్నాను. ఆయనకు రోషం వచ్చింది. "నేను డ్రైవర్ని మే. ఇంకొకడు తోలతా ఉంటే నేను గమ్మున కూసుని టిక్కెట్టు పట్టుకునేదా?" అన్నాడు. సరే అన్నాను. ఒక పక్క కొండ, ఇంకో పక్క ఏమీ లేదు. ఎక్కడో పాతాళంలో ఏరు దారప్పోగులా కనిపిస్తోంది. మొదటి రోజు కోతలు కోస్తూ తోలాడు. రెండో రోజు కోతలు తగ్గాయి. మూడో రోజు వక్కాకు నమలడం కూడా మానేశాడు. కొండదేశంలో మాట్లాడితే ఊపిరి అందదేమో అనుకున్నాను.

జోషీమఠం అనే ఊళ్లో గేటు ఉంది. రోడ్డు సన్నం కాబట్టి కాసేపు పైకెళ్లే బండ్లను, కాసేపు కిందికొచ్చే బండ్లను విడిచిపెడతారు. పైకి గేటు తీశారు. బస్సుల వెనకాల మేమూ కదిలాం. ఎంత దూరం వెళ్లామో నాకు తెలియదు, ఎందుకు తెలియదో ఇందాకే చెప్పాను. ఒక మలుపు తిరిగేసరికి రోడ్డు కాస్త వెడల్పుగా ఉంది. ఆయన బండి పక్కకు తీసి ఇంజన్ ఆపాడు.

"ఇదే," అన్నాడు.

తలెత్తి చూశాను. అబద్ధం చెప్పను. ఎదురుగా తెల్లటి కొండ! రెండు శిఖరాల మధ్య ఒక ఏరు పారుతూ పారుతూ ఎవరో గద్దించినట్టు ఉన్నచోటే గడ్డకట్టి నిలిచిపోయింది. ఎండ పడితే దానిలోపల నీలంగా మెరుస్తోంది. నాకు ఏడుపు వచ్చింది. క్యాలెండరు చెప్పింది నిజమే! కొంగు కప్పుకుని దణ్ణం పెట్టాను. చిత్తూరు నుంచి తెచ్చిన టెంకాయ కొట్టాను.

బదరీ అంటే గుడి ఉండాలి కదా, అదెక్కడ అని అడిగాను. గుడి మంచు కింద ఉందని చెప్పాడు.

"మంచు కరిగినాక దీపావళికి తీస్తారు మే. మనం కొండను సూసినాం సాలు."

మా పక్క నుంచి బస్సులు వెళుతున్నాయి. అందులో ముసలివాళ్లు జై బదరీ అని కేకలు పెడుతున్నారు. వీళ్లంతా ఇంకా పైకి ఎక్కడికి వెళుతున్నారని అడిగాను. చైనా బార్డరుకు అని చెప్పాడు. ముసలమ్మలు బార్డరుకు ఎందుకు? మిలిటరీకి వంట చేయడానికట! మన దేశంలో ముసలమ్మలకు ఇంత గౌరవం ఉందా అని నా ఒళ్లు పులకరించింది.

ఒక బస్సు నీళ్ల కోసం ఆగితే అందులోంచి దిగిన బెంగాలీ పెద్దాయన కెమెరాతో మాకు ఫొటో తీశాడు. నేను రోడ్డు పక్కన ఉన్న తెల్లరాయి మీద కూర్చున్నాను. మా ఆయన నా పక్కన నిలబడ్డాడు. మా అడ్రసు రాసి ఇమ్మన్నాడు ఆ పెద్దాయన. ఆయన బస్సు వెళ్లిపోయింది. మేము మాత్రం మూడు గంటలు అక్కడే ఉన్నాం. స్టవ్ వెలిగించి సంగటి చేశాను. తింటూ చూశాను, చెంబు కడుగుతూ చూశాను. ఏ మొగుడు పెళ్లానికి కూర్చోబెట్టి మూడు గంటలు కొండను చూపిస్తాడు? తర్వాత కిందికి వచ్చే బస్సుల వరుస రాగానే మేమూ అందులో కలిసి దిగిపోయాం.

రెండు నెలలకు కలకత్తా నుంచి ఫొటో వచ్చింది. మా ఆయనే దాని వెనక ఏదో రాసి, బజారుకు తీసుకెళ్లి అద్దం కట్టించి తెచ్చాడు. ఏం రాశావని అడిగాను. మంచుకొండ అని రాసినాను అన్నాడు. క్యాలెండరు తీసేసి ఆ మేకుకే దీన్ని తగిలించాను.

ఇక ఆ వీధిలో నన్ను ఎవరు ఆపగలరు! కొళాయి దగ్గర, పిండిమర దగ్గర, పేరంటాల్లో మంచుకొండ కథ చెప్పాను. మంచు కింద ఉన్న గుడి గురించి చెప్పాను. వంటకు వెళ్లిన ముసలమ్మల గురించి కూడా చెప్పాను. మూడేళ్లు నాకు ఎదురులేదు.

తర్వాత మా పక్కింటి చంద్రకాంతమ్మ యాత్రల బస్సులో బదరీకి వెళ్లి వచ్చింది. మా ఇద్దరిదీ ఒకే గోడ. పాతికేళ్లుగా చింతపండు, కరివేపాకు, కష్టసుఖాలు ఆ గోడ మీద నుంచే చేతులు మారేవి. ఆమె వచ్చి ఏమంటుంది? గుడికి రంగులు వేసిన పెద్ద వాకిలి ఉందట, పక్కనే వేన్నీళ్ల గుండం ఉందట, మే నెల నుంచీ తెరిచే ఉంటుందట! నేను కొళాయి దగ్గర అందరి ముందూ నవ్వాను. పాపం, భాష తెలియదని ఏదో ఊరి గుడి చూపించి పంపేశారని జాలిపడ్డాను.

"నేను మునిగిన వేన్నీళ్లు కూడా అబద్ధమేనా మే గంగులూ?" అంది.

"నీళ్లు నిజమే. ఊరే వేరే," అన్నాను.

నాలుగు రోజులు వీధి రెండుగా చీలి మా మాటలు విన్నది. చివరికి చంద్రకాంతమ్మ కోతలు కోస్తోందని తేలిపోయింది. డ్రైవరు పెళ్లానికి తెలిసినంత దారి ఆమెకు ఎలా తెలుస్తుంది? అయిదో రోజు పొద్దున ఆమె బిందె పట్టుకుని వచ్చి, "సరే గంగులూ, నువ్వు సూసిందే నిజం," అని నీళ్లు పట్టుకుని వెళ్లిపోయింది. ఆ తర్వాత నాతో మాట్లాడలేదు. గోడ మీద నుంచి ఒక్క రెమ్మ కరివేపాకు కూడా ఇటు రాలేదు. గెలిచినందుకు కూర పోపులో లోటు వచ్చిందనుకుని సరిపెట్టుకున్నాను.

మా ఆయన మూడేళ్ల కిందట గుండె నొప్పితో పోయాడు. బండి మీద కాదు, ఇంట్లోనే, మజ్జిగ తాగుతూ. నేను తిరుపతికి మా చెల్లెలి దగ్గరికి వచ్చేశాను. ఇక్కడ మధ్యాహ్నాలు శకుంతలమ్మ టీచరు పెద్దవాళ్లకు చదువు చెబుతుంది. మా చెల్లెలు నన్ను చేయి పట్టుకుని తీసుకెళ్లి కూర్చోబెట్టింది. నేర్చుకున్నాను. నేర్చుకుని ఊరుకోవాల్సింది. కనపడిందల్లా చదవడం మొదలుపెట్టాను. సబ్బు కాగితం, బస్సు బోర్డు, మందుసీసా!

మొన్న వేసవిలో ఇల్లు దులుపుతుంటే ఫొటో కింద పడి అద్దం పగిలింది. వెనక అట్ట ఊడదీశాను. ఆయన చేతిరాత. నేను చదివిన మొదటి చేతిరాత అది. కూడబలుక్కుని చదవడానికి పొద్దు వాలింది.

"తేదీ 26-6-77. స్థలం: జోషీమఠం దాటినాక. బదరీకి ఇంకా 31 కి.మీ. బండి హాల్ట్. కారణం: పంక్చర్ కాదు. ఇంజన్ కాదు. చేతులు వణికినాయి. కింది గేటు కోసం మూడు గంటలు కాచుకున్నాము. గంగులుకు తెలియదు."

ట్రిప్ షీట్! నోటితో ముసలమ్మలను చైనాకు పంపినవాడు కాగితం మీద మాత్రం ఒక్క అబద్ధం రాయలేకపోయాడు. రాసినదాన్ని అద్దం కట్టించి, నా వంటింట్లో, నా కళ్లెదురుగా వేలాడదీశాడు. ఇంతకంటే భద్రమైన చోటు ఆయనకు ఎక్కడ దొరుకుతుంది? నేను కూర్చున్న తెల్లరాయి మైలురాయే! ముప్పై ఒకటిని నా చీర కింద పెట్టుకుని ఫొటో దిగాను.

అప్పుడు నాకు కొండ గుర్తుకు రాలేదు. చంద్రకాంతమ్మ బిందె గుర్తుకొచ్చింది.

మరునాడే చిత్తూరు బస్సెక్కాను. బోర్డు నేనే చదువుకున్నాను. చంద్రకాంతమ్మ గడప మీద కూర్చుని చింతకాయలు దంచుతోంది. నన్ను చూసి రోకలి ఆపింది. ఫొటో వెనక్కి తిప్పి పైకి చదివాను. తప్పు నాది, ఆరేళ్లు నిన్ను అబద్ధాలకోరును చేశాను అన్నాను.

ఆమె చింతకాయ గుజ్జు అంటిన చెయ్యి కొంగుకు తుడుచుకుంది.

"నాకు తెలుసు మే," అంది. "మనం కొట్లాడుకున్న నాలుగో దినం మీ ఆయన గోడ కాడికి వచ్చినాడు. 'అక్కా, నాకు చేతులు వణికినాయి. అది కొండ సూసినానని సంతోషంగా ఉండాది. నువ్వు తగ్గు' అన్నాడు. తగ్గినా."

"మళ్లీ మాట్లాడకుండా ఎందుకు ఉండిపోతివి?"

"నోరు తెరిస్తే చెప్పేస్తానని. నా నోరు నాకు తెలీదా?"

ఇద్దరం కలిసి మిగతా చింతకాయలు దంచాం. ఆ తొక్కు ఇప్పుడు నా జాడీలో ఉంది. ఇంటికి వచ్చాక జ్ఞానాంబ రాసిన పాత ఉత్తరాల కట్ట విప్పాను. ఇరవై ఏళ్ల క్షేమాన్ని రోజుకు ఒక పేజీ చొప్పున చదువుతున్నాను. పక్కగదిలోనే ఉంటుంది కాబట్టి, చదివి వెళ్లి ఆమె పక్కన కూర్చుంటున్నాను.

చూశారా చదువు చేసిన నష్టం! కొండ పోయింది. పెళ్లి పూరీలు పోయాయి. చెల్లెలి కుదురైన బతుకు పోయింది. ధైర్యవంతుడైన మొగుడు పోయాడు. అందుకే అంటున్నాను, ప్రభుత్వం వారు ఆడవాళ్లకు అక్షరాలు చెప్పడం ఆపి, ఆ పలకా బలపం మధ్యాహ్నం పూట మగవాళ్ల ముందు పెట్టాలి. వాళ్లకు రాయడం వచ్చు. పలకడం నేర్పాలి. ఒకే ఒక్క పాఠం చాలు. భయం వేసింది. మూడు మాటలు కూడా కాదు, రెండే! పక్కింటి ఆవిడకు చెప్పగలిగారు, ఫొటో వెనక రాయగలిగారు. పక్క సీట్లో కూర్చున్న మనిషికి చెప్పడానికి మాత్రం నోరు రాలేదు.

చెప్పి ఉంటే నేనేం చేసేదాన్ని? నవ్వేదాన్ననుకున్నాడా? వెనక్కి పోదామనేదాన్ననుకున్నాడా? నేను ఆ బండికి క్లీనర్ని. చీర ఎగదోపుకుని దిగి, బండి ముందు నడిచేదాన్ని. మలుపు మలుపుకూ గాజులు మోగించేదాన్ని. ముప్పై ఒక్క కిలోమీటర్లూ "రానీ, రానీ, రానీ" అంటూనే తీసుకెళ్లేదాన్ని.

వచ్చే మే నెలలో యాత్రల బస్సులో వెళుతున్నాం, చంద్రకాంతమ్మా నేనూ. ఆ ఫొటో సంచిలో పెట్టుకున్నాను. హిందీ బోర్డులు నాకూ రావు. డ్రైవరు చేతులు వణికితే మాత్రం దిగడానికి వీలుగా ముందు సీటు అడిగాను.

గంగులమ్మ,
అరవై ఒక్క ఏళ్లు,
కొర్లగుంట, తిరుపతి.